బావ ఇంట్ల నాలుగు సకినాలు

మొయినాబాద్‌ల మా బావ ముందల నేను ఏడ్చిన అని చేవెళ్ల మొత్తం చెప్పుకుంటున్నరు. ఏడ్చిన మాట నిజమే. ఎందుకు ఏడ్చిననో మాత్రం ఒక్కరికి తెల్వదు. తెల్వకుండ మాట్లాడుడు మన ఊరికి అలవాటే గదా! నేను చాయ తాగ. మీరు తాగుకుంట వినుండ్రి.

మూడు నెలల కింద నా దుకాణం ముందల ఒక బండాయన ఎద్దును ముల్లుగర్రతోటి పొడుస్తున్నడు. నోరులేని జీవాన్ని బాధపెట్టొద్దని ఎద్దు పక్కన నిలబడి ఆయనకు బుద్ధి చెప్తున్న. ఆ నోరులేని జీవమే తల విసిరింది. నా దవడ రెండు తావుల విరిగింది. పొడిచినాయనకు గీత గూడ పడలే. ఇదేం న్యాయం?

పట్నం దవాఖానల పై పండ్లను కింది పండ్లను తీగెతోటి కలిపి కట్టిండ్రు. ఆరు వారాలు గంజి, పాలు పండ్ల సందుల నుంచి పీల్చుకొని బతికిన. తీగె తీసిననాడు ఒక్క అరటిపండు నమిలే వరకు చెమటలు పట్టినయి. ఎముక అతికింది గని కండల బలం లేదు, రోజు కొంచెం కొంచెం నమిలి బలం తెచ్చుకోవాలె, గట్టివాటి జోలికి రెండు నెలలు పోవద్దు అని డాక్టర్ సాబ్ చెప్పిండు.

నియమం నాకొకరు నేర్పాల్నా? మెత్తటన్నం ముద్దకు ముప్పై రెండుసార్లు నమిలిన. తర్వాత పాలల్ల నానిన రొట్టె. తర్వాత ఉడికిన శనగలు. శనగలు నమిలిన సంబురంల, నాకు పూర్తిగ బాగైంది అని మొయినాబాద్‌ల ఉన్న చెల్లెకు కబురు పంపిన. నా తప్పు ఏదన్న ఉంటే అది ఒక్కటే.

చెల్లె సత్తెమ్మ మా ఇంటికి రాక మూడేండ్లయింది. అప్పుడు మా ఇంట్ల విందు జరిగితే బావ విస్తరిల రెండు బూరెలు వదిలి లేవబోయిండు. అన్నం పారేసెటోడు అల్లుడైనా ఎవరైనా నాకొక్కటే. బంతిల అందరి ముందల ఆయనను మళ్ల కూసోబెట్టి తినమన్న. తిన్నడు. ఆ పొద్దే చెల్లెను తీసుకొని పోయిండు, మళ్ల పంపలే. ఇప్పుడు మా అవ్వ మంచాన పడి, కన్నబిడ్డను ఒక్కసారి చూపియ్యుండ్రి అని కలవరిస్తున్నది. బావను అడిగితే ఒక్కటే జవాబు: నేను పోయి ఆయన బంతిల కూసొని, విస్తరిల మెతుకు మిగల్చకుండ తిని లేస్తే, ఆ పొద్దే పంపుతడట.

ఇదొక షరతా? విస్తరి ఊడ్చినట్టు తినుడు నాకు పుట్టినప్పటి నుంచి అలవాటే. బస్సెక్కి పోయిన.

చెల్లె నా కబురు నమ్మింది. నాకు ఇష్టమని బియ్యప్పిండి సకినాలు నూనెల కాల్చింది. విస్తరిల నాలుగు వేసింది. పండ్లు బాగున్నోడు కొరికితే పక్కింటికి వినపడేటంత గట్టియి. వద్దంటే బావ నవ్వుతడు. బాగు కాలేదంటే నా కబురు అబద్ధమైతది. మెల్లగ ఒకటి చారుల ముంచిన.

బావ చారు గిన్నె అవుతలికి జరిపిండు. "సకినాలు నానేసుకొని తింటరా బావా, ముసలోండ్ల లెక్క?"

ఒకటి తిన్న. రెండోది తిన్న. అప్పటికే బంతిల అందరి తిండి అయిపోయింది. అందరు అయినంకనే కలిసి లేవాలె, మధ్యల ఒక్కరు లేవొద్దు. ఈ పద్ధతి తప్పినోండ్లను ఎందరినో తిట్టినోడిని నేనే. కాబట్టి అందరు ఎంగిలి చేతులు ఎండబెట్టుకొని నా దవడనే చూస్తున్నరు. పట్నం పోవాల్సిన బావ చిన్నాయన గూడ వాండ్లలనే ఉన్నడు. బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. ఆయన కూసున్న కాడి నుంచే దాన్ని సాగనంపిండు.

"ఏం బిడ్డా," అన్నడు నాతోటి, "నువ్వు నమిలేది సకినమా, సర్కారు రోడ్డు కంకరా?"

ఆ కోపంల మూడోదాన్ని గట్టిగ కొరికిన. దవడ కొంకర్లు పోయింది. పండ్లు కరుసుకున్నయి, ఇగ తెరుచుకోలే. నొప్పికి కండ్లల్ల నుంచి నీళ్లు ధారగ కారుతున్నయి. నోట్ల సగం సకినం. మాట రాదు.

బావ చూసిండు. ఎన్నడు తల వంచని నేను విస్తరి ముందల ఏడ్సుడు చూసిండు. కూసున్న కాడి నుంచే నా దగ్గరకు జరిగిండు. ఆయన గొంతు మారింది. "ఆనాడు నా పానం ఎంత గోస పడ్డదో ఇయ్యాల తెలిసిందా బావా?"

కాదు కాదని తల అడ్డంగ ఊపిన. గట్టిగ ఊపిన కొద్దీ దవడ గుంజింది, నీళ్లు ఇంకా ఎక్కువైనయి.

"వద్దు బావా, అంతగనం కుమిలిపోకు. నేను గూడ మూడేండ్లు మొండికి పోయిన. చాలు, లే. మిగిలితే మిగలనియ్యి."

నా విస్తరి ఆయన చేతులతోటే మడిచిండు. అండ్ల ఒకటిన్నర సకినాలు! మంచి నూనెల కాలిన సకినాలు! అది చూసి నాకు ఒళ్లు మండింది, ఆ మంటకు ఇంకా ఏడుపొచ్చింది. నన్ను చూసి చెల్లె ఏడ్చింది. బస్సు పోగొట్టుకున్న చిన్నాయన గూడ కండ్లు తుడుచుకున్నడు.

సాయంత్రం బస్సుల చెల్లె నా పక్కనే కూసున్నది. వేడి గుడ్డ పెట్టంగ పెట్టంగ సగం తొవ్వల దవడ సడలింది. నోట్ల ఉన్న సకినం మింగి, మొదట చెప్పిన మాట ఇదే: ఆ నీళ్లు నొప్పివి, పశ్చాత్తాపానివి కావు, రేపే బావకు చిట్టీ రాస్త, అబద్ధం మీద ఒక్క పూట బతకను.

చెల్లె నా దిక్కు తిరిగింది. "అన్నా, అవ్వ కాడ నేను పదిహేను రోజులుంట. నేను తిరిగి పోయేదాక నీ దవడకు బాగు కాలే. మాట రాదు. తెలిసిందా?"

పదిహేను రోజులు అవ్వకు గంజి తాగిపిచ్చింది. అవ్వ లేసి కూసున్నది, బిడ్డ చెయ్యి వదలలే. అదే గంజి నాకు గూడ పోసింది. నిన్న చెల్లెను తీసుకపోను బావ వచ్చిండు. మా ఇంట్ల కూసొని, ఎవరు చెప్పకుండనే, విస్తరిల మెతుకు మిగల్చకుండ తిన్నడు. తిని నా దిక్కు చూసి నవ్విండు. నిజం చెప్దామని నోరు తెరిచిన. చెల్లె ఇంకింత గంజి తెచ్చి నా ముందల పెట్టింది.

నలభై ఏండ్ల సంది ఈ నోటితోటి ఊరందరికి మంచి చెప్తున్న. ఒక్కడు బాగుపడలే. నోరు పడిపోయిన ఒక్క పూటల బావ బాగుపడ్డడు. కోపం రాదా మరి?