గీత పడని బంపరు

కరోనా తగ్గి ఆఫీసులు మళ్ళీ తెరుచుకున్న ఏడాది, జూన్ నెలలో నన్ను జీడిమెట్ల కోటింగ్ ప్లాంటు నుంచి హైటెక్ సిటీలోని మా డిజైన్ సెంటర్‌కు బదిలీ చేశారు. హోదా పేరు 'ముఖ్య సలహాదారు, ఉపరితల రక్షణ'. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ చేసే పని ఒక్కటే. ఉక్కు తుప్పు పట్టకుండా దాని మీద ఏ పూత వేయాలో తేల్చి, ఆ నిర్ణయం కింద సంతకం పెట్టడం. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నేను చేసింది ఇదే. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది కూడా లేదు. తొమ్మిదో అంతస్తులో అద్దాల గది, చల్లని గాలి, ఎటు తిరిగినా కాఫీ మెషిను. పూతకు ముందు ఉక్కును కడిగే ఆమ్లం వాసన లేని చోట పనిచేయడం నాకు అదే మొదటిసారి. అలవాటు పడేదాకా తలనొప్పి వదల్లేదు.

నాకు అప్పగించింది బంపర్ల పని. రోడ్డు లేనిచోట, రాళ్ళల్లో బురదలో తిరిగే పికప్ ట్రక్కులకు ముందు బిగించే ఉక్కు బంపర్లవి. కార్లకుండే ప్లాస్టిక్ బంపర్లతో వీటికి పోలిక లేదు. మందపాటి రేకును వంచి, వెల్డింగు చేసి, కింద కుడిపక్కన ఒకటి, ఎడమపక్కన ఒకటి కొక్కేలు అతికిస్తారు. బండి బురదలో దిగబడితే ఆ కొక్కేనికే నైలాను పట్టా తగిలించి ఇంకో బండితో లాగుతారు. అప్పుడు బండి బరువూ బురద పట్టూ మొత్తం ఆ వెల్డింగు అతుకు మీదే పడుతుంది.

పోటీలో మూడు పూతలున్నాయి. మొదటిది పొడి రంగు. పొడిని విద్యుత్తుతో అంటించి బట్టీలో కాలుస్తారు. గట్టిగా, నున్నగా ఉంటుంది, కానీ రాయి బలంగా తగిలితే పెచ్చు లేస్తుంది. రెండోదాంట్లో కింద జింకు ప్రైమరు, దానిమీద అదే పొడి రంగు. పెచ్చు లేచినా జింకు తాను కరిగిపోతూ ఉక్కును కొంతకాలం కాపాడుతుంది. మూడోది రబ్బరు పూత. ట్రక్కు వెనక తొట్టిలో చల్లే రకం, నల్లగా, గరుకుగా, చెప్పు అట్టంత మందంగా ఉంటుంది. సుత్తితో కొట్టినా దానికేమీ కాదు.

ఆ మూడోదే గెలిచిందని నేను వెళ్ళేసరికే అందరూ అనేసుకున్నారు. ప్రాజెక్టు మేనేజరు రవీంద్ర భీమవరం వైపు మనిషి, మర్యాదస్తుడు, మాటకు ముందొకటి వెనకొకటి 'అండీ' లేకుండా మాట్లాడడు. "తమరు చూసి సంతకం పెట్టడమేనండీ" అన్నాడు. మార్కులు ఎట్లా వేశారని అడిగాను. పుప్పాలగూడ వెనక, అపార్ట్‌మెంట్లు ఇంకా ఆక్రమించని ఒక రాళ్ళగుట్టను కంపెనీ పరీక్షల కోసం కిరాయికి తీసుకుంది. వేసవి మొదలు నుంచీ అక్కడ డ్రైవర్లు బండ్లు తిప్పుతున్నారు. వారానికోసారి బంపర్లు కడిగి, ఫోటోలు తీసి పంపుతారు. ఇక్కడ తొమ్మిదో అంతస్తులో ఇంజనీర్లు ఆ ఫోటోను స్క్రీను మీద పెద్దది చేసి, గీతలూ పెచ్చులూ తుప్పు మరకలూ చూసి పదికి ఇన్ని అని వేస్తారు. రబ్బరు పూతకు ప్రతివారం పదికి పది.

ఫోటో చూసి పూతకు మార్కులేమిటి, పెళ్ళిచూపులా ఇవి? మా పనిలో పూతను నమ్మేముందు కోస్తాం. కత్తితో అడ్డంగా నిలువుగా గళ్ళు గీసి, టేపు అంటించి ఒక్క గుంజు గుంజితే, ఎంత ఊడిందో చూసి దాని పట్టు ఎంతో చెబుతాం. "దీన్ని చేత్తో ముట్టుకున్నవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అప్పా?" అని అడిగితే ఇంజనీర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. కోసి చూస్తానంటే రవీంద్ర ససేమిరా అన్నాడు. వానలు తగ్గాక కస్టమరు మనుషులు వస్తారట, అన్ని రాళ్ళు తిన్నా గీత పడని ఆ బంపరును అట్లాగే వాళ్ళ ముందు నిలబెట్టాలట. కోయకుండా సంతకం పెట్టనని చెప్పి నేను ఫైలు పక్కన పెట్టేశాను. అక్కడితో ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి.

ఆ వానాకాలంలోనే ప్రమాదం జరిగింది. నాకు మాత్రం రెండు రోజులయ్యాక గానీ తెలియలేదు. పూతకేమీ కాలేదు కదా, ఇది డ్రైవరు సంగతి అనుకున్నారట.

సంగతి ఏమిటంటే, రబ్బరు పూత వేసిన బండి గుట్ట కింద బురదలో దిగబడింది. యాదగిరి అనే డ్రైవరు ఇంకో ట్రక్కు తెచ్చి, దిగబడిన బండి కుడి కొక్కేనికి పట్టా తగిలించి లాగాడు. కొక్కెం ఊడింది. సాగి ఉన్న నైలాను పట్టా దాన్ని వడిసెల రాయిలా విసిరింది. అది యాదగిరి ట్రక్కు వెనక అద్దం పగలగొట్టి, అతని చెవి పక్కనుంచి పోయి, పక్క సీటు తలదిండును చీల్చి, ముందు డాష్‌బోర్డులో దిగబడింది.

నేను గుట్ట దగ్గరున్న మా షెడ్డుకు పోయి ముందు ఆ ట్రక్కే చూశాను. తలదిండుకు పడిన చిల్లులో చెయ్యి పెడితే మణికట్టు దాకా దూరింది. ఆ సీటు ఆ రోజు ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో నేను రాయనక్కర్లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆమ్లం మీద పడినవాళ్ళను చూశాను, బట్టీలో చెయ్యి కాలినవాళ్ళను చూశాను. ఒక పూత పరీక్షలో మనిషి తల పోయేదాకా వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

యాదగిరి షెడ్డు బయట నిలబడి ఉన్నాడు. శేరిలింగంపల్లి పాత ఊరి మనిషి, నలభై దాటినవాడు, ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. విచారణ కమిటీ అతనే తప్పు చేశాడని దాదాపుగా తేల్చేసింది. లాగేటప్పుడు పట్టా మెల్లగా బిగుసుకోనివ్వాలి, వదులుగా పెట్టి బండిని ఉరికిస్తే ఝట్కా పడి ఉక్కయినా తెగుతుంది. అతను అట్లా ఉరికించాడని కమిటీ అభియోగం. నివేదికలో 'నిర్లక్ష్యం' అనే మాట పడితే ఏజెన్సీ తీసేస్తుంది, ఇటు కొండాపూర్ నుంచి అటు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఏ కంపెనీ గేటులోనూ అతన్ని స్టీరింగు ముట్టుకోనివ్వరు.

"ఝట్కా ఇయ్యలే సార్" అన్నాడు. "పట్టా బిగుసుకునేదాంక ఆగిన, అటెన్క మెల్లగనే పోనిచ్చిన. తప్పు నాదైతే నేనే పోత. చెయ్యని తప్పుకు ఎట్ల పోవాలె?" చావు చెవి పక్కనుంచి పోయినవాడిని పట్టుకుని, నువ్వే చేశావని అంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కానీ కోపంతో నివేదిక రాయలేం. తెగిన ఉక్కు ముఖం చూస్తే నిజం తెలుస్తుంది. అప్పుడే తెగిన ఉక్కు వెండిలా మెరుస్తుంది, ముందే పగిలి ఉంటే లోపలంతా తుప్పు పట్టి గోధుమరంగులో ఉంటుంది. నేను ఆశగా వెళ్ళి చూస్తే, తెగిన చోటంతా ఒకే రంగు. బండి నుంచి విప్పిన బంపరు రెండు రోజులు బయట వానలో పడి ఉంది. కొత్త తెగుడూ పాత పగులూ అన్నీ కలిసి తుప్పు పట్టేశాయి. డాష్‌బోర్డులోంచి పీకిన కొక్కేన్ని కూడా తెచ్చి దాని పక్కనే పడేశారు. సాక్ష్యం నీళ్ళపాలైంది.

కమిటీతో పాటు షెడ్డుకు వచ్చిన రవీంద్ర కూడా తప్పు డ్రైవరుదేనన్నాడు. ఆ వాదనకు బలం ఉందని నేను కాదనను. కుడి కొక్కెం ఊడాక, అదే బండిని ఎడమ కొక్కేనికి పట్టా కట్టి ట్రాక్టరుతో బయటికి లాగారు. "రెండూ ఒకే ఉక్కండీ, ఒకే వెల్డింగండీ, ఒకే పూతండీ. ఎడమది ఆగింది, కుడిది ఎందుకు ఊడాలి? దీనికి గీత కూడా పడలేదు చూడండి" అని తన ఫోను చూపించాడు. ప్రమాదం కబురు విని వెళ్ళినవాడు, ట్రాక్టరు లాగుతుండగా ఎడమ కొక్కేన్ని దగ్గరగా ఫోటో తీశాడు. పట్టా తీగలా బిగిసి ఉంది. కొక్కెం చుట్టూ పూత నల్లగా, నిండుగా, షోరూములో ఉన్నట్టు ఉంది. కమిటీలో ఒకాయన తల ఊపాడు. యాదగిరి నేల చూపులు చూస్తున్నాడు.

నేను కత్తి అడిగాను. పూతకేమీ కాలేదు కాబట్టి ఈ బంపరునే కస్టమరుకు చూపిస్తామంటూ రవీంద్ర ప్రదర్శన సంగతి ఎత్తాడు. ప్రదర్శన తర్వాత, ముందు మనిషి సంగతి చూద్దాం అన్నాను. కోయనివ్వకపోతే ఈ పూత తిరస్కరిస్తున్నట్టు ఇక్కడే రాసి ఇస్తానని కూడా అన్నాను. అంత గట్టిగా మాట్లాడటం ఆ ఆఫీసులో నాకు మొదటిసారి. ఇక ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఎడమ కొక్కెం పక్కన కత్తి దించగానే సన్నగా నీళ్ళు కారాయి. గోధుమరంగు నీళ్ళు. టేపుతో పనిలేదు, పూత అంచు పట్టి లాగితే మేక తోలు వలిచినట్టు మొత్తం ఒకే ముక్కగా ఊడి వచ్చేసింది. కింద ఉక్కు కనిపించలేదు, తడి తుప్పు కనిపించింది. ఆ తుప్పును గుడ్డతో తుడిస్తే కొక్కెం చుట్టూ వెల్డింగు అతుకు వెంబడి ఒక పగులు, మూడు వైపులా తిరిగి ఉంది. సుత్తి తీసుకుని మెల్లగా కొట్టాను. బలంగా కాదు, తలుపు తట్టినట్టు. కొక్కెం ఊడి నా కాళ్ళ దగ్గర పడింది.

తిప్పి చూశాను. ముఖమంతా ముదురు తుప్పు, చాలా రోజుల నాటిది. ఒక్క మూల మాత్రం బొటనవేలి గోరంత మేర వెండిలా మెరుస్తోంది. అది నా సుత్తి దెబ్బకు తెగిన భాగం. ఎడమది ఆగడానికి కారణం ఆ గోరంత ఉక్కే, ట్రాక్టరు లాగుడుకు అది కూడా తెగే దశకు వచ్చింది.

రవీంద్ర ఆ ముక్క వంక చూశాడు, తర్వాత చేతిలోని ఫోను వంక చూశాడు. ఎవరూ ఏమీ అనకముందే అతనికి అర్థమైంది. ఆ ఫోటో తీయడానికి అతను బిగిసిన పట్టాకు ఎదురుగా, కొక్కేనికి మూరెడు దూరంలో గొంతుక్కూర్చున్నాడు. అక్కడే ఒక పాత టైరు మీద కూలబడిపోయాడు. యాదగిరే పోయి నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు. "ఏం గాలే గద సార్, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు. కాసేపటి క్రితం దాకా తప్పు తనదేనని వాదించిన మనిషికి ఆ మాట చెప్పాడు. నా కళ్ళు తడిశాయి, దాచుకోవాల్సిన పనిలేదు.

అసలు దిగ్భ్రాంతి నాకు ఆఫీసుకు తిరిగి వచ్చాక కలిగింది. వెల్డింగు డిజైనే బలహీనం, ఆ తప్పు పూతది కాదు. అలాంటప్పుడు మిగతా బంపర్లకూ పగులు రావాలి కదా అని పాత ఫోటోలు తీయించాను. జింకు మీద పొడి రంగు వేసిన బంపరుకు కొక్కెం పక్కన వెంట్రుకంత గోధుమరంగు గీత ఎప్పటినుంచో కనిపిస్తూనే ఉంది. అదే పగులు. ఆ పూత పెచ్చులిచ్చి, తుప్పు మరకలు బయటపెట్టి, ఇక్కడ విరుగుతోందని వారం వారం చెబుతూనే ఉంది. మా వాళ్ళు ఆ గీత చూసి 'తుప్పు మరక' అని రాసి మార్కులు కోశారు. రబ్బరు పూత సాగే గుణం వల్ల అదే పగులును కప్పి, అంచుల్లోంచి లోపలికి పోయిన నీళ్ళను బయటికి రానివ్వకుండా పట్టి ఉంచి, పదికి పది తెచ్చుకుంది.

యాదగిరి మీది అభియోగాన్ని రవీంద్రే స్వయంగా రద్దు చేయించాడు. కొక్కేన్ని బంపరు రేకుకు అతికించడం మానేసి, నేరుగా బండి ఛాసిస్‌కు బోల్టులతో బిగించేలా డిజైను మార్చారు. పూత విషయంలో నేను జింకు ప్రైమరు, దానిమీద పలుచటి పొడి రంగు అని రాశాను. కొక్కేల చుట్టూ జానెడు మేర నల్లరంగు వద్దు, లేత బూడిదరంగు ప్రైమరు ఒక్కటే ఉండాలని పట్టుబట్టాను. అమ్మకాల విభాగం వాళ్ళు లబోదిబోమన్నారు. కొన్న నెలకే గీతలు కనిపిస్తే కస్టమరు ఏమనుకుంటాడని అడిగారు. కనిపించడానికే వేస్తున్నాం అని చెప్పి సంతకం పెట్టాను.

రిటైరయ్యాక కూడా కొత్తగా చేరిన ఇంజనీర్లకు పాఠం చెప్పమని నన్ను పిలుస్తుంటారు. నేను రవీంద్ర తీసిన ఆ ఫోటోనే తెర మీద వేసి, పదికి ఎన్ని వేస్తారని అడుగుతాను. వాళ్ళు వేశాక సంచిలోంచి ఆ కొక్కెం తీసి బల్ల మీద పెడతాను. ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. పూత పని లోహాన్ని కాపాడటం, కాపాడలేని రోజున ఆ సంగతి బయటికి చెప్పడం. రెండో పని చేయని పూత ఎంత గట్టిదైనా నేను సంతకం పెట్టను. ఆ ఫోటోకు ఇప్పటివరకు పది కంటే తక్కువ వేసినవాళ్ళు లేరు.