బిగించి పట్టిన టేపు

పురానాపూల్ దగ్గర ఒక కలప అడితిలో దుంగలు కొలవడం నా పని. దుంగ నడిమికి టేపు చుట్టి, వచ్చిన కొలతను నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో గుణిస్తే ఎన్ని ఘనపుటడుగులో తేలుతుంది. బడిలో నేను చదివింది నాలుగో తరగతి వరకే. ఈ లెక్క దుంగల మధ్యే నేర్చుకున్నాను. కాగితం లేకుండా చెప్పేవాణ్ణి. డెబ్బైలలో ఒక వానాకాలం చివర, నాకు నలభై ఆరేళ్లప్పుడు, ఆ పని చెయ్యిజారేలా అయింది.

ఒక రోజు దుంగ కింద నుంచి టేపు కొస అందుకోబోయి వంగాను. నడుము పట్టేసింది. మళ్లీ లేవలేకపోయాను. ఇద్దరు హమాలీలు నన్ను ఎత్తి రిక్షాలో వేశారు.

దవాఖానాలో డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముక బాగానే ఉందన్నాడు. నా పొట్ట మీద పెన్సిలు ఆనించాడు. "ఈ బరువంత ముందుకు గుంజుతుంటే నీ నడుము పొద్దంత ఆపుకుంట వస్తున్నది. తగ్గించు. రెండు రోజులకంటె ఎక్కువ పండుకోకు, నడువు. వంగుడు మోకాళ్లతోని వంగు."

సేటు ఇంకా తక్కువ మాటల్లో తేల్చాడు. "దీపావళి అయినంక టేకు లారీలొస్తయ్. అందాక బల్ల కాడ కూసొని రాసుకో. అప్పటికి వంగనీకె రాకుంటె మా బామ్మర్ది కొలుస్తడు, నువ్వు గేటు కాడ కూసో." ఆ బామ్మర్ది అప్పటికే పక్కన నిలబడి ఉన్నాడు. జేబులో కొత్త టేపు.

ఆరు వారాల గడువు. గేటు దగ్గర కూర్చునేవాడికి లెక్కతో పనిలేదు. నాకు లెక్క తప్ప ఇంకేమీ రాదు.

కట్టెలు తూచే కాంటా ఎక్కి చూసుకుంటే ఎనభై నాలుగు కిలోలు. కానీ కిలో, రెండు కిలోల తేడాను ఆ కాంటా పట్టించుకోదు. అందుకని టేపునే నమ్ముకున్నాను. పొట్ట చుట్టూ నలభై రెండు అంగుళాలు. హమాలీల మేస్త్రీ, మేమంతా చాచా అని పిలిచే పెద్దాయన, నన్ను చూసి ఆగాడు.

"మున్షీ భాయ్, నువ్వెంత మాల్ ఉంటవ్?"

"నాలుగు ఘనపుటడుగుల పైన." లెక్క నా తలలో అప్పటికే అయిపోయింది.

"బెరడుతోనా, బెరడు తీసినంకనా?"

హమాలీలందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అన్నం ఒక గరిటెకు దించాను. రాత్రికి ఒక జొన్నరొట్టె. చాయ్‌లో చక్కెర మానేశాను. చార్మినార్ వెనక మా ఇంటి నుంచి అడితికి మూడు వేల నూట నలభై అంగలు. గాజుల దుకాణాల దగ్గర ఎవరైనా తగిలి లెక్క తప్పితే, వెనకటి మూల దాకా వెళ్లి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. ప్రతి ఆదివారం పొట్ట కొలుచుకున్నాను. నలభై ఒకటిన్నర. నలభై ఒకటి. నలభైంబావు. నాలుగో ఆదివారం ముప్పై తొమ్మిదిన్నర.

"రెండున్నర అంగుళాలు తగ్గిన" అని మా ఆవిడతో చెప్పాను.

ఆమె నా పైజామా ఉతుకుతోంది. తడి నాడా పట్టుకుని చూపించింది. "తగ్గితె ముడి లోపటికి జరగాలె గద? గీ మాసిన కాడ్నే పడుతున్నది. ఎవరికి చెప్తున్నవయ్యా గీ లెక్క?"

చెయ్యి తుడుచుకుని ఒక దారం తెచ్చింది. "ఊపిరి బిగవట్టకు, ఇడువు" అని నా పొట్టకు చుట్టింది. తెంపి టేపు మీద పరిచింది. నలభై ఒకటిన్నర.

 టేపు తప్పు కాదు, చేతి తప్పు. అడితిలో కొనే దుంగకు కొలత తక్కువ రావాలని టేపు బిగించి పడతాం, అమ్మే దుంగకు వదులుగా పడతాం. ఇరవై ఏళ్లుగా నా చెయ్యి చేసింది అదే. నా పొట్టను కూడా కొనే సరుకు లాగే కొలుచుకున్నాను, వారం వారం ఇంకాస్త బిగించి. ఆ అంకె తగ్గిందన్న ధీమాతోనే సాయంత్రాలు రిక్షా ఎక్కడం మొదలైంది. చాయ్‌లోకి చక్కెర తిరిగొచ్చింది. వంగి చూసుకుందామన్న ధైర్యం మాత్రం ఒక్కరోజూ చేయలేదు. మిగిలింది రెండు వారాలు.

టేపు ఆమెకు ఇచ్చేశాను. రెండు పూటలా నడిచాను. అడితిలో మధ్యాహ్నం ఖాళీ దొరికితే చాచా ముందు మోకాళ్లు మడిచి కూర్చుని లేచేవాణ్ణి. నా నడుము మీద తట్టి, "కమర్ సీదా ఉంచు. నలభై ఏండ్ల సంది మోస్తున్న, ఒక్కనాడు కమర్ వంచలే నేను" అనేవాడు. మొదటిరోజు ఆరుసార్లు లేచాను. లారీ వచ్చే ముందురోజు ముప్పై నాలుగు. లారీలో దుంగలు యాభై ఎనిమిది.

సేటు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బామ్మర్ది పక్కనే నిలబడ్డాడు. ఒక్కొక్క దుంగకూ కూర్చోవడం, టేపు చుట్టి గుంజడం, అంకె చెప్పడం, లేవడం. ముప్పై ఒకటో దుంగకు టేపు బిగించి గుంజుతుండగా నడుములో మెరుపులాంటి నొప్పి. అలాగే ఆగిపోయాను. సేటు కుర్చీ కిర్రుమంది.

"ఠైరో సేటు, జర ఆగు, దుంగ కదులుతున్నది" అంటూ చాచా కదలని దుంగకు ఒక రాయి అడ్డం పెట్టాడు. నా చెవి దగ్గర, "గుంజకు. కాళ్ల మీద లే" అన్నాడు.

చెయ్యి దుంగ మీద ఆనించి, మెల్లగా లేచాను. తర్వాత ఇరవై ఏడు దుంగలకూ టేపు గుంజలేదు. ఎంత ఉంటే అంతే చెప్పాను.

సేటు పుస్తకం చూశాడు. "ముప్పై ఒకటి అయినంక టేపు గుంజలే నువ్వు. నడుము బాగైంది, చెయ్యి ఖరాబైందా మున్షీ?"

"దుంగకు అరంగుళం లెక్కన ఇరవై ఏడింటికి ఏడు ఘనపుటడుగులు మీద వడ్డయ్ సేటు. నిజమే. గని యాభై ఎనిమిదో దుంగ ఎన్ని అడుగులో మీ బామ్మర్దిని చెప్పమను."

ఆ బామ్మర్ది కాగితం కోసం జేబులు తడుముకున్నాడు. సేటు పుస్తకం మూసి నా వైపు తిరిగాడు.

"రేపు ఇంకో లారీ ఉన్నది. గుంజేది మా బామ్మర్ది. వంగేది, లెక్క జెప్పేది నువ్వు. నడుము మల్ల పడితె మాత్రం గేటే."

"సరే సేటు."

ఆ సాయంత్రం ఇంటికి నడిచే వెళ్లాను. మా ఆవిడ దారం తెచ్చి చుట్టింది. నలభై ఒకటి. మళ్లీ బిగించి కొలవమని నేను అడగలేదు.