బ్యాలెన్స్ రూంలో ఆరో మనిషి

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. ఈ మాట ముందే చెప్పకపోతే తరువాత చెప్పేదాన్ని మీరు ఇంకోలా వింటారు. పదిహేడేళ్లుగా బస్సు కండక్టర్‌ని. "ఇప్పుడే ఎక్కినక్కా" అనేవాళ్లను నమ్మను, "చిల్లర లేదక్కా" అనేవాళ్లను అసలే నమ్మను. కళ్ల ముందు కనబడే మనుషులనే నమ్మనిదాన్ని, కనబడనివాళ్లను నమ్ముతానా?

నా పేరు సలోమి. వరంగల్ నుంచి నర్సంపేట వైపు తిరిగే బస్సుల్లో నా డ్యూటీ. టికెట్లు కొట్టడం ఎవరికైనా వస్తుంది. మా ఉద్యోగంలో అసలు పని తలలు లెక్కపెట్టడం. నిండు బస్సులో ముందు డోరు దగ్గర నిలబడి వెనకదాకా ఒకసారి చూపు తిప్పితే యాభై మూడో యాభై నాలుగో తేలిపోవాలి. మొహాలు చూడకూడదు, చూస్తే లెక్క పోతుంది. తలలే చూడాలి. ఒక తల ఎక్కువై ఒక టికెట్ తక్కువైన రోజు చెకింగ్ వాళ్లు ఎక్కారంటే ఉద్యోగం మీదికే వస్తుంది. నాకు ఇంతవరకు ఒక్కసారి కూడా ఆ గతి పట్టలేదు. గొప్పకు చెప్పడం లేదు, ఈ సంగతి తరువాత అవసరం పడుతుంది.

మా తమ్ముడు యాకోబు మేస్త్రీ. మడికొండ దగ్గర కొత్త ఇళ్లు కట్టేచోట పని. మొన్న ఎండాకాలంలో స్లాబు మీది నుంచి పడి తొడ ఎముక విరిగింది. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. దాని పేరు చెప్పను. చెబితే అదొక్కటే అట్లా అనుకుంటారు.

ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. బాగా చేశారు, ఆ డాక్టరు చేతికి దండం పెడతాను. అయితే చేర్చుకునేటప్పుడు సర్కారు వైద్యం కార్డు మీద అంతా అయిపోతుందన్నవాళ్లు, ఆపరేషన్ అయ్యాక రాడ్డు కార్డులో రాదన్నారు. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడం మానేశాడు. మరదలి గొలుసు కుదువబెట్టి తెచ్చిన డబ్బుతో సహా ఉన్నదంతా కట్టినా ఇంకా ఎనభై ఆరు వేలు మిగిలింది.

ఆరో రోజు డాక్టరు డిశ్చార్జి రాశాడు. తమ్ముణ్ణి వీల్‌చైర్‌లో కూర్చోబెట్టారు. ఇంటికనుకున్నాం. మొదటి అంతస్తులో ర్యాంపు పక్కనున్న ఒక గదిలోకి తీసుకెళ్లి మంచం మీద దించారు. ఒకప్పుడు అది కాళ్లకూ చేతులకూ కసరత్తు చేయించే గదట. ఇప్పుడు అక్కడ పనిచేసేవాళ్లందరూ దాన్ని బ్యాలెన్స్ రూం అంటారు. బిల్లు బ్యాలెన్స్ ఉన్నవాళ్లను పెట్టే గది. అక్కడికి డాక్టరు రాడు, మందులు రావు. అయిదు మంచాలు, అయిదుగురు మనుషులు. తలుపు బయట కుర్చీ వేసుకుని, కింది గేటు తాళం కూడా తన దగ్గరే పెట్టుకుని సెక్యూరిటీ అన్న.

మా వాడి పక్క మంచం మీద మరిపెడ వైపు నుంచి వచ్చిన రామనర్సమ్మ ఉండేది. తుంటి ఆపరేషన్ చేయించుకుని, డిశ్చార్జి రాసి ఇరవై రోజులైనా అక్కడే ఉంది. కొడుకు అప్పు కోసం ఊళ్లు తిరుగుతున్నాడు. ఆ తరువాతి మంచం సదానందానిది. పవర్‌లూం మీద పనిచేస్తూ చెయ్యి ఇరికించుకున్నవాడు. మిగతా ఇద్దరిలో ఒకరు మిర్చి రైతు, ఇంకొకరు కడుపు ఆపరేషన్ చేయించుకున్న ఒక చిన్న వయసు అమ్మాయి. అంతే, అయిదుగురు.

సెక్యూరిటీ ఆయన పేరు కొమురయ్య. యాభై ఏళ్లుంటాయి. మధ్యాహ్నం రెండింటికి చూడవచ్చినవాళ్లందరినీ బయటికి పంపించి, గడపలో నిలబడి వేలు చూపిస్తూ లోపలివాళ్లను లెక్కపెట్టి, చిన్న నోటు పుస్తకంలో రాసుకుని, మేనేజరుకు ఫోన్ చేసి చెప్పాలి. ఒక మనిషి తగ్గితే ఆయన జీతంలో కోత. గొడ్లను దొడ్లో తోలి లెక్కపెట్టినట్టు మనుషులను లెక్కపెడుతున్నారని నాకు మొదటి రోజే ఒళ్లు మండింది.

రెండో రోజు నేను బయటికి వచ్చి, ఉత్త అలవాటు కొద్దీ, గడప ఇవతల నిలబడి లోపలికి చూపు తిప్పాను. ఆరు వచ్చింది. మళ్లీ తిప్పాను. ఆరు. మంచం మంచం చూసుకుంటూ యాకోబు, రామనర్సమ్మ, సదానందం అని మొహాలు పట్టి చెప్పుకుంటే అయిదు. మొహాలు వదిలేసి తలలు చూస్తే ఆరు.

నన్ను నేనే కలుపుకున్నానంటారేమో. అది కొత్త కండక్టర్లు చేసే పని, డ్రైవర్ని కూడా లెక్కలో వేసేసుకుంటారు. నేను గడపకు ఇవతల ఉన్నాను. అద్దం ఏమన్నా ఉందా అని కూడా చూశాను. కసరత్తు గది కదా, ఒకప్పుడు ఉండేదట. ఇప్పుడు గోడకు మేకులే మిగిలాయి. ఆ ఆరింటిలో ఎక్కువ వచ్చిన తల ఏదంటే చెప్పలేను. లెక్కపెట్టేటప్పుడు ప్రతి తలా సరైన తలే.

కొమురయ్య అన్న నా మొహం చూశాడు. నోటు పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. ప్రతి రోజూ ఒక అంకె రాసి, దాన్ని కొట్టేసి, పక్కన ఒకటి తక్కువ వేశాడు. ఆరు కొట్టేసి అయిదు. అంతకుముందు వారం గదిలో నలుగురున్నప్పుడు అయిదు కొట్టేసి నాలుగు. మా తమ్ముడు అక్కడికి రాకముందు నుంచీ అదే వరస.

"నేను ఈ డ్యూటీల పడ్డప్పటి సంది గిట్లనే వస్తాంది చెల్లె," అన్నాడాయన. "ఎవల్కి చెప్తం? తాగిండు అంటరు."

లోపలి నుంచి రామనర్సమ్మ అంది. "లెక్కపెట్టకు బిడ్డా. మనల్ని ఏమన్నంటాందా? ఉండనియ్యి."

నేను అదంతా పక్కన పెట్టాను. ఎనభై ఆరు వేలు ఎక్కడ పుట్టించాలా అన్నదే నా గోల.

తమ్ముణ్ణి ఆ గదిలో పెట్టిన నాలుగో రోజు పొద్దున ఊరి నుంచి మరదలు ఫోన్ చేసింది. మా అమ్మ పోయింది. నర్సంపేట దాటాక మా ఊరు. అమ్మకు చాలాకాలం నుంచి ఆయాసం. చివరి రెండు రోజులూ "యాకోబు వచ్చిండా" అని అడుగుతూనే ఉందట. సాయంత్రం నాలుగింటికి సమాధి చేస్తామన్నారు.

నేను మేనేజరు దగ్గరికి వెళ్లాను. అయిదు గంటలు పంపించండి, మన్ను వేసి రాగానే తీసుకొచ్చి అప్పగిస్తానన్నాను. ఆయన కంప్యూటర్ మీది నుంచి తల ఎత్తలేదు.

"అందరికీ ఏదో ఒకటి ఉంటది మేడం. బ్యాలెన్స్ కట్టుండ్రి, ఈ నిమిషం తీస్కపోండ్రి."

"అయితే ఆయన జాగల నేను కూసుంట. మీకు మనిషి లెక్కనే గదా కావాల్సింది."

"కేసు ఆయన పేరు మీదున్నది. మీ పేరు మీద లేదు."

అమ్మను నేను చూడకపోయినా సరే, వాడు చూడాలనుకుని ఆ మాట అన్నాను. వాడు చిన్నవాడు, అమ్మకు వాడంటేనే ప్రాణం. ఆ మేనేజరు ముందు ఏడవకూడదని పళ్లు బిగబట్టి బయటికి వచ్చాను. అప్పటికి నాలో ఏడుపు లేదు, కోపమే ఉంది. అప్పు ఉంది, కాదనను. అప్పుకు కాగితం రాసుకుంటారు. మనిషిని కుదువ పెట్టుకుంటారా?

ఒంటిగంటన్నరకు మా చర్చి వాళ్ల వ్యాన్ గేటు బయట ఆగింది. రెండింటికి కొమురయ్య అన్న లెక్క మొదలుపెట్టబోతుంటే ఎదురుగా నిలబడ్డాను.

"అన్నా, రోజూ ఒకరు ఎక్కువొస్తున్నరు. ఇయ్యాల మా తమ్ముణ్ణి బయట నిలబెట్టి లెక్కపెట్టు. నాలుగొస్తే వాణ్ణి నేనే లోపల కూసోబెడ్త. అయిదొస్తే నీ లెక్క నీకున్నట్టే, గేటు తియ్యి. ఏడింటికల్లా తీస్కొస్త. మా అవ్వ మీద ఒట్టు."

ఆ మాట నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. నమ్మి అనలేదు. ఇంకో దారి లేక అన్నాను.

ఆయన లోపలికి వెళ్లి తమ్ముడికి వాకర్ అందించాడు. యాకోబు కుంటుకుంటూ గడప దాటి నా పక్కకు వచ్చాడు. లోపల నలుగురు. రామనర్సమ్మ, సదానందం, మిర్చి రైతు, ఆ అమ్మాయి. కొమురయ్య అన్న వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ఆగాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. నేనూ చూపు తిప్పాను. అయిదు.

ఆయన ఫోన్ తీశాడు. "సార్, అయిదుగురున్నరు," అన్నాడు. అబద్ధం చెప్పలేదు. నోటు పుస్తకంలో అయిదు వేశాడు. ఆ పూట కొట్టేయాల్సిన పని పడలేదు.

నాలుగున్నరకు తమ్ముడు వాకర్ మీద ఆనుకుని అమ్మ పెట్టె మీద గుప్పెడు మన్ను వేశాడు. వాడు వేసేదాకా పాస్టర్ గారు అరగంట ఆపారు. నేను అప్పుడు ఏడ్చాను.

తిరిగి వెళ్లాల్సిన పని లేదన్నారు అందరూ. ఇంత దూరం వచ్చాక ఎవడు పట్టుకుపోతాడో చూస్తామన్నారు మా చిన్నాన్న కొడుకులు. నాకూ అదే మనసులో ఉంది, ఒట్టు పెట్టుకున్న సంగతి పక్కకు నెట్టేయబోయాను. తమ్ముడే ఒప్పుకోలేదు.

"కొమురయ్యన్న కొలువు పోతదక్కా. ఆయనే కాదు, నా జాగల కూసున్నోళ్లు ఉన్నరు గదా. నేను పోకపోతే వాళ్లు ఇర్కపోరా?"

పాస్టర్ గారే ముందు లేచి వ్యాన్ ఎక్కారు. ఆ వెనక రెండు వ్యాన్లు, నాలుగు బైకులు. సమాధి దగ్గరికి వచ్చినవాళ్లు వచ్చినట్టే, మన్ను చేతులతోనే బయల్దేరారు. ఏడింటికి పది నిమిషాలుందనగా ఆసుపత్రి చేరాం. తమ్ముడు వెళ్లి తన మంచం మీద కూర్చున్నాడు. కొమురయ్య అన్న లెక్కపెట్టాడు. ఆరు. కొట్టేసి అయిదు వేశాడు.

మేమంతా ఆసుపత్రి గేటు ముందు కూర్చున్నాం. ముప్పై మంది ఉంటాం. అరవలేదు, రాయి వేయలేదు. భయపడి మేనేజరే పోలీసులను పిలిపించాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఎస్సై వచ్చి ఏంది కథ అంటే చెప్పాను. మేనేజరు నవ్వు మొహం పెట్టాడు.

"మేం ఎవర్నీ ఆపలేదు సార్. వాళ్లిష్టంతోనే ఉన్నరు."

నాకు అంతకంటే ఏం కావాలి? "విన్నరు గదా సార్, ఎవర్నీ ఆపలేదట. మరి గేటు తెరవమనుండ్రి. పోయేటోళ్లు పోతరు, ఇష్టమున్నోళ్లు ఉంటరు," అన్నాను.

ఎస్సై మేనేజరు వైపు చూశాడు. మేనేజరు నేల వైపు చూశాడు. గేటు తెరిచారు.

ఒక్క మా తమ్ముణ్ణే తీసుకుపోతే నేను మనిషినే కాదనిపించింది. పైకి వెళ్లి అందరినీ లేపాను. ర్యాంపు మీదుగా దిగారు. రామనర్సమ్మ వీల్‌చైర్‌లో, సదానందం ఆ వీల్‌చైర్‌ను ఒక్క చేత్తో తోస్తూ, వెనక మిర్చి రైతు, ఆ అమ్మాయి, చివర వాకర్ మీద యాకోబు. నేను ముందుగా దిగి, బస్సు దిగేవాళ్లకు డోరు పక్కన నిలబడినట్టు, గేటు పక్కన నిలబడ్డాను. నా పక్కన కొమురయ్య అన్న. దిగేవాళ్లను లెక్కపెట్టడం ఇంకా తేలిక, ఒక్కొక్కరే ముందు నుంచి పోతారు.

ఆరుగురు బయటికి పోయారు.

ఆయనకూ ఆరే వచ్చింది. పెదవులు కదలడం చూశాను. నోటు పుస్తకంలో ఆరు వేసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఈసారి కొట్టేయలేదు.

ఆఖరి స్టేజీలో బస్సు ఖాళీ అయ్యాక వెనక సీటుదాకా వెళ్లి చూసి రావడం కండక్టర్ పని. నిద్రపోయినవాళ్లు ఎవరైనా మిగిలిపోతారు. అందుకని నేను మళ్లీ పైకి వెళ్లాను. గడప ఇవతల నిలబడి, "ఎవలన్న ఉన్నరా? దిగాలె, ఇంక బండి పోదు," అన్నాను, రోజూ అనేమాటే. అయిదు మంచాలు, గోడకు మేకులు. పేర్లు చెప్పుకున్నా, తలలు చూసినా ఎవరూ లేరు. ఆ గదిలో నా రెండు లెక్కలూ ఒకటైంది ఆ ఒక్కసారే.

బాకీ ఎగ్గొట్టలేదు. కాగితం రాసి నెలనెలా కడుతున్నాం. కొమురయ్య అన్న ఆ ఉద్యోగం మానేసి, ఇప్పుడు ఊళ్లో పత్తి వేసుకున్నాడు. అప్పుడప్పుడు మా బస్సు ఎక్కుతాడు. నోటు పుస్తకంలో ఆరు వేసిన ఆ కాగితం చింపి నాకిచ్చాడు, నా బ్యాగులోనే ఉంది. ఒకసారి అడిగాడు, ఆ ఆరో మనిషి ఎటు పోయి ఉంటాడంటవు అని. ఇంటికే పోయి ఉంటాడన్నాను. ఆడమనిషో మగమనిషో, ఏ ఊరో, ఎన్నేళ్లు ఆ గదిలో కూర్చుని ఉన్నారో, ఏ బిల్లు కింద పట్టుకున్నారో నాకు తెలియదు. మా తమ్ముడు మన్ను వేసి వచ్చేదాకా వాడి జాగాలో కూర్చున్నారు, అంత మాత్రం తెలుసు.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. లెక్క తప్పిందని మాత్రం ఒప్పుకోను.