బస్సులో నేర్చుకున్న అండి

మాది ఫిలిప్పీన్స్. పెళ్ళై దర్శి వచ్చిన కొత్తలో నాకొచ్చిన తెలుగంతా మా ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయన నన్ను రా, తిను, కూర్చో అనేవాడు కాబట్టి నేనూ అందరినీ అలాగే అన్నాను. ఒకరోజు చుట్టాల ముందు మామగారిని "తిను" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. ఆ తర్వాత ఇంట్లో నోరు విప్పడం మానేశాను.

మూడు వారాలకు గుంటూరు నుంచి బస్సులో వస్తున్నాను. మధ్యలో మిరపకోతలకు వెళ్ళొస్తున్న ఒక ముసలామె ఎక్కింది. చేతులు మండుతున్నాయేమో, కమ్మీ పట్టుకోలేకపోతోంది. నేను లేచి, "ఇటు రా, కూర్చో" అన్నాను.

"పెద్దామెను పట్టుకుని రా అంటావేంటమ్మా?" అన్నాడు వెనక సీటాయన.

నాకు ఏడుపొచ్చింది. ముసలామె కూర్చుని, కాస్త జరిగి నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది.

"నా కూతురూ నన్ను రా అనే అంటది. నీకేంటయ్యా?" అని ఆయన్ని గదిమింది. నాతో మాత్రం మెల్లగా, "అమ్మకైతే అక్కర్లా. మిగతా పెద్దోళ్ళకి చివర అండి తగిలించు. ఏదీ, ఆయన్నడుగు, ఏ ఊరండీ అని" అంది.

వెనక్కి తిరిగి అడిగాను.

"అద్దంకండీ" అన్నాడాయన, నవ్వాపుకుంటూ.

దిగేదాకా ఆమె నాతో ఒక్కొక్కరినీ పలకరింపజేసింది.

ఇంటికెళ్ళి, "కాఫీ తాగుతారాండీ?" అని మామగారిని అడిగాను. ఆయన, "ఎవరు నేర్పారమ్మా?" అన్నారు.

ఆమె పేరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.