దస్తీ చాటున లండన్

ఒక శుక్రవారం మధ్యాహ్నం నాచారంలో, మా గల్లీ చివరి మసీదులో, నేను నా ఉద్యోగాన్నీ, కుదరబోతున్న పెళ్లినీ, మా అమ్మీ పరువునూ ఒకే సజ్దాలో నుదుటితోపాటు నేలకు ఆనించాను. నవ్వకండి. నవ్వదలుచుకుంటే కాస్త ఆగి నవ్వండి, ఇంకా మొదలే పెట్టలేదు.

అప్పటి ఇర్ఫాన్ అనే మహానుభావుడి సంగతి ముందు చెప్పాలి. ఉప్పల్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. ఆసుపత్రుల్లో డాక్టరు అపాయింట్‌మెంట్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం నా కొలువు. నా తప్పు తప్ప అందరి తప్పులూ పట్టుకునేవాణ్ని. ఆఫీసులో కూర్చుంటే మధ్యాహ్నపు జొహర్ నమాజు తప్పిపోతోందని బెంగ. మసీదులో నిలబడితే ఆ మెయిల్ పంపానా లేదా అని బెంగ. రెండుచోట్లా సగం సగమే ఉండేవాణ్ని. పైగా దానికి బ్యాలెన్స్ అని పేరుపెట్టి స్నేహితులకు ఉపన్యాసాలు. "దీన్, దునియా రెండూ ఒక్క చేత్తో పట్టుకోవాలె భాయ్" అనేవాణ్ని. ఆ చేతిలో ఎప్పుడూ ఫోను ఉండేదనుకోండి, అది వేరే విషయం.

అలాంటి రోజుల్లో అంబర్‌పేట నుంచి నజ్మా సంబంధం వచ్చింది. హబ్సిగూడలో ఒక స్కూల్లో టీచరు. చూడడానికి వెళ్లినప్పుడు నేను కంగారులో షర్బత్ గ్లాసును టీపాయ్ మీద ఒలకబోశాను. ఇంట్లోవాళ్లంతా గుడ్డ కోసం పరుగెత్తుతుంటే, ఆ అమ్మాయి మాత్రం దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ కూర్చుంది. అంతే, నా పని అయిపోయింది. చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకోవాలి, లేకపోతే ఇంక ఎవరినీ వద్దు అనుకున్నాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

అమ్మాయి తండ్రి ఖాదర్ చాచాకు పైపులు, నల్లాలు అమ్మే దుకాణం ఉంది. పొద్దంతా గిరాకీలతో మాట్లాడి మాట్లాడి ఆయన ఉర్దూలో సగం తెలుగు కలిసిపోయింది, తెలుగులో సగం ఉర్దూ కలిసిపోయింది. ఆయన మా అమ్మీకి సూటిగా చెప్పేశాడు.

"పోరడు మంచిగనే ఉన్నడు ఆపా. గని నాకు రెండు గావాలె. నౌకరీ పక్కా ఉండాలె, నమాజు పక్కా ఉండాలె. ఇంటికి పిలిచి చాయ్ తాగవెడితె పోరడు ఎసొంటోడో ఎట్ల ఎర్కైతది? ఈ జుమ్మాకు మీ మసీదుకే వస్త. పక్కన నిలవడి సూస్త."

"మా ఇర్ఫాన్ ఫరిష్తా అన్నా, సూడున్రి మీరే" అంది అమ్మీ. కన్నతల్లి కదా, అలాగే అంటుంది.

శుక్రవారం పొద్దున్న ఆఫీసుకు వెళ్లగానే మా మేనేజరు సుబ్బారావు గారు పిలిచారు. ఆయనది గుడివాడ. గొంతు తగ్గించి మాట్లాడడం ఆయనకు పుట్టుకతో రాలేదు.

"ఇర్ఫాన్, మధ్యాహ్నం ఒకటింబావుకి లండన్ వాళ్లకి డెమో. నువ్వూ ఉండాలి."

"ఒకటింబావుకా సార్?"

"అవునయ్యా. ఏం, పనేమైనా ఉందా?"

ఇదిగో, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. "జుమ్మా నమాజు ఉంది సార్" అంటే సరిపోయేది. చిన్నపిల్లవాడైనా అనేవాడు. నేను అనలేదు. ఆ నెలలోనే నా ఉద్యోగం పర్మనెంటు అవుతుందో లేదో తేలాలి. అది కాకపోతే ఖాదర్ చాచా మొదటి షరతు పోయినట్టే. మసీదుకు వెళ్లకపోతే రెండోది పోయినట్టే. రెంటిలో ఏది పోయినా నజ్మా పోయినట్టే.

"పనేం లేదు సార్. ఇంటి నుంచి జాయిన్ అవుత" అన్నాను.

"మంచిది. నువ్వు మాట్లాడక్కర్లేదు, మ్యూట్‌లో ఉండు. నేనేదైనా అడిగితే చాట్‌లో కొట్టు, చాలు."

చాలు అన్న ఆ మాటే నా కొంప ముంచింది. మాట్లాడక్కర్లేదంటే ఇంక చెవి ఒక్కటే కదా కావాల్సింది! నా దగ్గర కొత్త బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉన్నాయి. వేలితో ఒకసారి తాకితే మ్యూట్, ఇంకోసారి తాకితే మాట. ఒకటి ఎడమ చెవిలో పెట్టుకుంటాను. నమాజుకు ముందు ఇమాం సాబ్ చేసే ప్రసంగం, అదే బయాన్, నడుస్తుండగానే డెమో అయిపోతుంది. నమాజు మొదలయ్యేలోగా తీసి జేబులో వేసుకుంటాను. ఇంత తెలివి ఉన్నవాణ్ని ఉప్పల్‌లో ఎందుకు ఉంచారో, నన్ను చూసి నాకే జాలేసింది.

చెవి కనపడకూడదు కాబట్టి టోపీ వదిలేసి, చెవుల మీదుగా చేతిరుమాలు కట్టుకున్నాను. చేతిరుమాలును మేం దస్తీ అంటాం. అమ్మీ గుమ్మంలో పట్టుకుంది.

"టోపీ ఏదిరా?"

"దొర్కలే అమ్మీ."

"ఇంట్ల ఇన్ని టోపీలున్నయ్, ఒక్కటి దొర్కలేదా? పండ్ల నొప్పి లేసినోని లెక్క ఆ కట్టుడేంది?"

ఆమె లోపలికి వెళ్లి టోపీ తెచ్చేలోగా నేను గల్లీ మలుపు తిరిగాను.

ఖాదర్ చాచా మసీదు మెట్ల దగ్గర తెల్లటి కుర్తాలో, అత్తరు ఘుమఘుమలతో నిలబడి ఉన్నాడు. సలాం చేశాను. లోపల నన్ను తన ఎడమవైపు కూర్చోబెట్టుకున్నాడు. నా ఎడమ చెవి ఆయనకు అవతలి వైపు. అన్నీ నేను అనుకున్నట్టే జరుగుతున్నాయి.

ఇమాం సాబ్ బయాన్ మొదలుపెట్టారు. కుడిచెవిలో ఇమాం సాబ్, ఎడమచెవిలో సుబ్బారావు గారు. "కొందరు సఫ్‌లో, నమాజు వరసలో నిలబడతారు, మనసు మాత్రం బజారులో తిరుగుతుంటుంది" అంటోంది కుడిచెవి. "రిపోర్టు స్క్రీన్ ఎందుకు రావట్లేదు ఇర్ఫాన్?" అంటోంది ఎడమచెవి. మొహం వాడిపోయింది. ఫోను మోకాలి కింద పెట్టుకుని, చూడకుండానే బొటనవేలితో జవాబు కొట్టడం మొదలుపెట్టాను.

ఖాదర్ చాచా నా మొహం చూశాడు. కదులుతున్న నా వేలు చూశాడు. చెవి దగ్గరకు వంగి మెల్లగా అన్నాడు.

"తస్బీహ్ చదువుతున్నవా బేటా?"

తస్బీహ్ అంటే వేళ్ల మీద లెక్కపెడుతూ చేసే అల్లా స్మరణ. తల అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో నాకే తెలియదు.

"మాషా అల్లా. బయాన్‌కే కండ్లల్ల నీళ్లొస్తున్నయ్ నీకు. దిల్ మంచిది."

నా కళ్లలో నీళ్లు రిపోర్టు స్క్రీన్ కోసం వచ్చినవి. ఆయన ఎంతో ఇష్టంగా నా భుజం తట్టాడు. నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. అప్పుడే తీసేయాల్సింది. అదే నిమిషంలో లండన్ మేడం "వండర్‌ఫుల్" అంది. స్క్రీన్ వచ్చేసింది! ఇంకొక్క నిమిషం, అయిపోతుంది అనుకున్నాను. ఆ ఒక్క నిమిషాలే ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వచ్చాయి. ముందుగా ఎవరికివారు చదివే సున్నత్ నమాజులోనూ, చెవికి వేలు తగలకుండా చేతులు బెదురుగా భుజాల దగ్గరే ఆపి కానిచ్చేశాను. ఇమాం సాబ్ అరబీలో చదివే ఖుత్బా మొదలైంది. ఖుత్బా నడుస్తుండగా పక్కవాణ్ని ఊరుకోమని కూడా అనకూడదు, కదలకుండా కూర్చోవాలి. కదలకుండా కూర్చున్నాను. ఖుత్బా అయింది. జమాతు నమాజుకు లేవమనే ఇఖామత్ వినపడింది. ఫోను కుర్తా జేబులో పడేసి అందరితోపాటు నేనూ లేచాను. భుజానికి భుజం తగిలేలా సఫ్ బిగిసింది. ఖాదర్ చాచా కన్ను నా మీదే ఉంది. చెయ్యి దస్తీలోకి పోనిచ్చే వీలే లేదు. సరే, మ్యూట్‌లోనే ఉన్నాను కదా, ఉండనీ అనుకున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. మేం నమాజు మొదలుపెట్టేటప్పుడు రెండు చేతులూ ఎత్తి, బొటనవేళ్లు చెవి తమ్మెలకు తాకించి, "అల్లాహు అక్బర్" అని చేతులు కట్టుకుంటాం. కాబోయే మామ పక్కనుంటే బెదురుగా ఎత్తితే కుదరదు కదా! జీవితంలో ఎన్నడూ ఎత్తనంత పద్ధతిగా ఎత్తి, గట్టిగా తాకించాను.

ఎడమచెవిలో ఒక ఆడగొంతు తీయగా పలికింది. "మైక్ ఆన్."

నా కాళ్ల కింద తివాచీ జారిపోయినట్టయింది. చేతులు కట్టేసుకున్నాను, ఇంక విప్పడానికి లేదు. ఇమాం సాబ్ సూరా మొదలుపెట్టారు. ఆ గొంతు నా చెవి మీదుగా లండన్‌కు పోతోంది. సుబ్బారావు గారు గుసగుసగా "ఇర్ఫాన్, మ్యూట్... మ్యూట్..." అంటున్నారు. ఆయన గుసగుస అంటే మామూలు మనుషుల కేక.

రుకూలో నడుం వంచగానే దస్తీ జారింది. సజ్దాలో ఇయర్‌బడ్ ఊడి దొర్లుకుంటూ వెళ్లి ఖాదర్ చాచా నుదుటి పక్కన ఆగింది. అది చెవిలోంచి ఊడితే మాట ఫోను స్పీకర్‌లోంచి వస్తుందట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మసీదంతా సజ్దాలో ఉంది. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నా కుర్తా జేబు నోరు తెరిచింది.

"ఇర్ఫాన్! ఎక్కడున్నావయ్యా? ఇర్ఫాన్!"

వెనక ఎవరో దగ్గారు. నేను సజ్దాలోంచి లేవకుండా అలాగే నేలలోకి వెళ్లిపోతే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. ఆ రోజు నమాజులో మనస్ఫూర్తిగా చేసింది అదొక్కటే. ఆ తరువాత జేబు ఏదో గొణిగి చల్లబడింది.

నమాజు ముగిస్తూ అటూ ఇటూ సలాం తిప్పీ తిప్పకముందే జేబులో చెయ్యి పెట్టి చేతికందిన బటన్ నొక్కాను. ఫోను ఆగిపోయిందనుకున్నాను. ఇమాం సాబ్ దువా ఎత్తుకున్నారు. రోగులకు నయం చేయమని, కొలువు లేనివాళ్లకు కొలువు ఇమ్మని. మసీదంతా ఒక్క గొంతుతో "ఆమీన్" అంది. అందరికంటే గట్టిగా నేనన్నాను. కొలువు పోగొట్టుకున్నవాళ్ల లెక్కలో అప్పటికే నేనూ ఉన్నానని నా నమ్మకం.

బయట చెప్పుల దగ్గర ఖాదర్ చాచా అరచెయ్యి చాపాడు. అందులో నా ఇయర్‌బడ్ నీలంగా మిణుకుమంటోంది.

"బేటా, ఇది నీదేనా?"

"చాచా, నేను..." అంటుండగానే జేబు మళ్లీ మాట్లాడింది.

"ఇర్ఫాన్, నమాజు అయిపోయిందా అయ్యా?"

ఫోను ఆగలేదు! ఖాదర్ చాచా చెయ్యి చాపాడు. ఇచ్చేశాను. ఇంకేం చేస్తాను?

"హలో, ఎవరు సాబ్ మీరు?"

"నేను ఇర్ఫాన్ మేనేజర్నండీ, సుబ్బారావు. తమరూ?"

ఖాదర్ చాచా నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నేనా? నేనెవరో ఇప్పుడే జెప్పలేను. ఆలోచన జేస్తున్న. జర ఇది జెప్పున్రి, మీరు మా పోరనికి నమాజుకు చుట్టీ ఇయ్యరా?"

"అయ్యయ్యో, అడిగితే కదండీ! నేను శనివారం శనివారం ఉపవాసం ఉంటాను, ఆ రోజు నాతో ఎవరూ మీటింగులు పెట్టరు. ఈ కుర్రాడు ఒక్క మాట చెబితే డెమో మూడింటికి పెట్టేవాణ్ని. మ్యూట్ చేద్దామని నేను వెతుకుతుంటే మేడమే వద్దు, ప్రార్థన అవనివ్వండి, ఆగుదాం అన్నారు. అందరం నోరు మూసుకుని కూర్చున్నాం."

నా కళ్లలో ఈసారి నీళ్లు రిపోర్టు స్క్రీన్ కోసం వచ్చినవి కావు.

"తరువాత ప్రార్థన అయిందనుకుని, సోమవారానికి పని పూర్తవుతుందా అని మేడం అడిగారండీ" అన్నారు సుబ్బారావు గారు. "నేను ఆలోచిస్తున్నాను. ఇంతలో మీవాళ్లందరూ ఒక్కసారిగా ఆమీన్ అన్నారు. అది తనకు జవాబే అనుకుని మేడం ఎంత ముచ్చటపడిందో! ఇంత పెద్ద టీమా, ఇంత కలిసికట్టుగానా అంది. ఒప్పుకోక ఏం చేస్తాను?"

ఖాదర్ చాచా ఫోను ఆపి నా చేతిలో పెట్టాడు. నేను నజ్మా నవ్వును తలుచుకుని, ఇంక ఆ నవ్వు నాది కాదు అనుకున్నాను.

"చాచా, తప్పైంది. మీ బిడ్డ ఏడ దూరమైతదో అని గిట్ల జేసిన."

ఆయన మీసం కదిలింది. తరువాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని తెలియడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

"అరే, నేను గూడ నమాజుకు నియ్యత్ కట్టంగనే దుకాన్ల గిరాకీలు యాదికొస్తరు బేటా. ఎవనికి రారు? తోబా జేసుకుంట, మల్ల నిలవడుత. గని నేను దుకాన్‌ను మనసులనే తెస్త. నువ్వు లండన్‌నే జేబుల ఏసుకొని తెచ్చినవ్ గదరా! పా, చాయ్ తాగుదాం."

ఆమీన్ అన్నవాళ్లందరూ ఇళ్లకు వెళ్లి బిర్యానీ తిన్నారు. సోమవారంలోగా ఆ పని పూర్తిచేసే బాధ్యత మాత్రం నాకూ సుబ్బారావు గారికీ మిగిలింది. అన్నట్టు, ఉద్యోగం పర్మనెంటు అయింది. పెళ్లీ కుదిరింది.

నిఖా రోజున ఖాజీ సాబ్ నా ఎదురుగా కూర్చుని, ఖబూలేనా అని అడగబోతుండగా ఖాదర్ చాచా "జర ఆగున్రి" అన్నాడు. పెళ్లికి వచ్చినవాళ్లంతా మెడలు చాచి చూశారు. కట్నకానుకల గొడవేమోనని సుబ్బారావు గారు కంగారుగా లేచి నిలబడ్డారు. ఖాదర్ చాచా నా దగ్గరకొచ్చి, మొహం మీది పూలసెహరా పక్కకు జరిపి, కుడిచెవి చూశాడు, ఎడమచెవి చూశాడు. వేలుపెట్టి మరీ చూశాడు.

"రెండూ సాఫున్నయ్. ఇగ అడుగున్రి ఖాజీ సాబ్."

పరదా వెనక నజ్మా నవ్వు అందరికీ వినపడింది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అందరి ఎదుటా బుద్ధిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నేను మసీదుకు వెళ్లినా, ఆఫీసుకు వెళ్లినా, అత్తారింటికి వెళ్లినా నా రెండు చెవులనూ వెంటబెట్టుకుని వెళతాను. ఒకదాన్ని ఇక్కడా ఒకదాన్ని అక్కడా వదలను. లండన్ వాళ్ల సంగతి మీరేం కంగారుపడకండి. వాళ్లు ఆగుతారు. మనం అడగాలి, అంతే.