పూలదారం కొలత

బాగలూరు చుట్టుపక్కల ఏ ఇంట్లో బాలింత ఉన్నా నంజమ్మకు కబురు రావలసిందే. పొద్దున్నే చామంతి కోయించి, మూటలు హోసూరు మార్కెట్టు బండికి ఎక్కించి, కొంగు బిగించి బయలుదేరుతుంది. తోటా దొడ్డీ ఉన్న మనిషికి ఊళ్ళో బాలింతలకు నీళ్ళుపోసే ఖర్మేమిటని వెనక గొణిగేవాళ్ళున్నారు. తమ కోడలు నీళ్ళాడితే అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చేదీ వాళ్ళే.

ఇదివరకు ఆమె పద్ధతి వేరు. బాలింత మంచం దిగకూడదు. దాహమంటే రోజుకు రెండు చిన్న లోటాల వేడినీళ్ళు, అంతే. ఎక్కువ తాగితే ఒళ్ళు నీరు పడుతుందని ఆమెకు అత్త చెప్పింది, ఆ అత్తకు వాళ్ళ అత్త చెప్పింది. అంతమంది అత్తల మాటను హోసూరు నర్సు నాగజ్యోతి కాదంటే నంజమ్మకు ఒళ్ళు మండదా మరి?

అది ఎనిమిదేళ్ళ కిందటి సంగతి. కృష్ణగిరిలో కాపురముంటున్న కూతురు లక్ష్మీప్రియ కాన్పుకు వచ్చింది. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఇంటికి పంపేటప్పుడు నాగజ్యోతి ఒకటికి రెండుసార్లు చెప్పింది.

“ఆపరేషన్ అయినోళ్ళకి కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే భయం ఎక్కువమ్మా. దినామూ నడిపించండి. నీళ్ళు బాగా తాపండి. ఒక కాలు మాత్రం వాచినా, పిక్క నొప్పెట్టినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, ఆలస్యం చేయకుండా ఈడికి తీసుకొని రండి.”

నంజమ్మ బుద్ధిగా తల ఊపింది. ఆటో ఎక్కగానే, “ఆ పిల్ల ఎన్ని కాన్పులు చూసిందంట?” అన్నది.

పదో రోజున కూతురు “అమ్మా, ఎడమకాలు బరువుగా ఉండాదే” అన్నది. పిక్క ఉబ్బి చర్మం మెరుస్తోంది. కుడికాలు మామూలుగానే ఉంది. నర్సు మాట గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. అందుకే నంజమ్మ ఈనాటికీ తనను తాను క్షమించుకోలేదు. ఊరందరి కాళ్ళూ నడుములూ సరిచేసే తాను సొంత బిడ్డ కాలికి ఆస్పత్రికి పరుగెత్తితే నలుగురూ ఏమనుకుంటారని పరువు అడ్డొచ్చింది. “నరం పట్టింది, అంతే” అని ఆముదం వెచ్చచేసి, అరగంటసేపు గట్టిగా ఒత్తింది. హాయిగా ఉందంటూ బిడ్డ కళ్ళు మూసుకుంది.

మర్నాడు పొద్దున లక్ష్మీప్రియ మంచం దిగి నాలుగడుగులు వేసి, ఊపిరాడటం లేదని రొమ్ము పట్టుకుని కూలబడింది. హోసూరు చేరేలోపే ప్రాణం పోయింది.

డాక్టరు రెండు పిక్కలకూ టేపు పెట్టి కొలిచాడు. కాలిలో గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తులకు అడ్డుపడి ఉంటుందని చెప్పి, “కాలు ఎవరన్నా ఒత్తినారా?” అని అడిగాడు. కృష్ణగిరిలో అంగడి మూసి పరుగెత్తుకొచ్చిన అల్లుడు వంశీ పక్కనే నిలబడి ఉన్నాడు.

“లేదు సార్” అన్నది నంజమ్మ.

ఒత్తకపోయినా ఆ గడ్డ కదిలేదేమో, ఎవరు చెప్పగలరు? కానీ నర్సు చెప్పినట్టు కాలు వాచిన రోజే తీసుకుపోయి ఉంటే బిడ్డ బతికేదేమోనన్న మాట మాత్రం ఆమెను ఏ పూటా వదల్లేదు.

ఏడాదిపాటు ఏ బాలింత గడపా తొక్కలేదు. తర్వాత తానే నాగజ్యోతి దగ్గరికి పోయి, ఆ రోజు చెవిన పెట్టనివన్నీ మళ్ళీ చెప్పించుకుంది. ఇప్పుడు బాలింతను వాకిట్లో నడిపిస్తుంది, ఎదురుగా కూర్చుని చెంబెడు నీళ్ళు తాగిస్తుంది. నొప్పీ ఆయాసమూ ఉన్నాయా అని అడుగుతుంది. చివరికి పూలు కట్టే దారం తీసి ఒక పిక్కకు చుట్టి, కొలత అందినచోట గుర్తుగా ముడివేస్తుంది, అదే దారంతో రెండో పిక్కనూ కొలుస్తుంది. తేడా కనిపిస్తే ఇక ఆ కాలి మీద చెయ్యి వెయ్యదు, వెయ్యనివ్వదు.

పోయిన నెల బాగలూరులో కిరాణా అంగడి కాత్యాయని కోడలికి కుడి పిక్క దగ్గర దారం రెండు వేళ్ళ మేర చాలలేదు. వెంటనే ఆస్పత్రికి పొమ్మన్నది.

“ఇంతదానికి ఆస్పత్రి ఎందుకక్కా? నీ చేయి పడితే చాలు. కొంచెం ఒత్తు” అన్నది కాత్యాయని.

నంజమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. “ఈ చేతులతోనే ఒత్తినాను నా బిడ్డకి. మర్నాడే పోయింది. ఒత్తలేదని డాక్టరుతో అబద్ధం చెప్పినాను. లెయ్, కారు పిలిపించు.”

స్కానింగులో గడ్డ కనబడింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆ పిల్ల ఆరో రోజున ఇల్లు చేరింది.

కాత్యాయని పుట్టిల్లు కృష్ణగిరే. మాట అక్కడికి పోకుండా ఉంటుందా? వారం తిరక్కుండా వంశీ నుంచి ఫోను వచ్చింది. అతడు నోరు తెరవకముందే, “నేనే ఒత్తినానప్పా” అన్నది నంజమ్మ.

“నాకు తెలుసత్తా. లక్ష్మీప్రియ ఆ రోజే నాకు ఫోను చేసి చెప్పింది. కాలు వాచింది, అమ్మ ఒత్తింది అని.”

“మరి ఇన్నేండ్లూ నన్ను ఒక మాటన్నా అడగలేదే?”

“అడిగితే, నీకెట్ల తెలుసంటావు కదా. కాలు వాచిందని తను చెప్తే, అమ్మ చూసుకుంటాదిలే, అంగట్లో జనం ఉండారని ఫోను పెట్టేసినాను నేను.”

ఈసారి ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టలేదు.