ఆదివారం లారీ

నా దగ్గర వెయిట్ లిఫ్టింగ్ నేర్చుకునే ఒక అమ్మాయికి చేతిపట్టు నిలవడం లేదు. నిన్న తను నాకోసం నల్ల కవరులో మొక్క తెచ్చింది. తడిసిన కొబ్బరి పొట్టు వాసన తగలగానే నా వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి.

ఏడో తరగతిలో నాదీ అదే బాధ. బార్ మోకాళ్లు దాటేసరికి జారిపోయేది. ఆ మాట చెబితే, కడియం నర్సరీలో పనిచేసే నాన్న, "ఆదివారం నాతో రా అమ్మా, లోడుకి మనుషులు చాలట్లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నా గోల నాది, ఆయన పని ఆయనది. అయినా వెళ్లాను, ఆ తర్వాత ప్రతి ఆదివారమూ. మామిడంట్ల కవర్లు షెడ్డు నుంచి గేటు దాకా మొయ్యాలి. కాండం పట్టుకుంటే నాన్న ఊరుకునేవాడు కాదు.

"మొక్క మెడ పట్టుకోకూడదు. కవరు అంచు పట్టుకో, వేళ్లతోనే."

మొదట చేతికొకటి, తర్వాత రెండేసి. సోమవారం బడికి వెళ్తూ చూస్తే గేటు దగ్గర ఒక్క కవరూ ఉండేది కాదు. నేను మోసిన మొక్కలు లారీ ఎక్కి దేశమంతా వెళ్తున్నాయని బళ్లో గొప్పలు చెప్పుకున్నాను.

ఆ ఏడాది పోటీల్లో బార్ జారలేదు. మళ్లీ ఎప్పుడూ జారలేదు.

మొన్నామధ్య ఈ సంగతి ఎత్తితే అమ్మ నవ్వింది. "ఆదివారం లారీలు ఎక్కడివే? నువ్వు ఇంటికొచ్చేశాక మీ నాన్నే అవన్నీ మళ్లీ షెడ్డులోకి మోసేవారు."

ఇవాళ ఆ అమ్మాయితో అన్నాను. "ఆదివారం మా ఇంటికి రా. మొక్కలు జరపాలి, మనుషులు చాలట్లేదు."